బాత్‌రూమ్ సీను

మా తమ్ముడు సొంతంగా తీసిన కామెడీ సినిమా హాల్లో ఆడింది వారం రోజులే. నా పరువుకి పట్టిన గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడది డిస్కుగా వస్తోంది. ఇక ఇంటింటికీ వెళ్తుంది. జనం ఆపి, వెనక్కి తిప్పి, తనివితీరా చూస్తారు.

సినిమా అంతా మా ఇంట్లోనే, మావాళ్ళతోనే తీశాడు. నేను కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునేవాణ్ణి, నటనలో ఓనమాలు తెలియవు. చుట్టాల పోరు పడలేక బాత్‌రూమ్‌లో దూరి, మొహం కడుక్కుని బయటికి రావాలి, అంతే నా వేషం. మొహం కడుక్కున్నాను. తలుపు లాగితే రాలేదు. మూసిన గది అంటే చిన్నప్పటినుంచీ నాకు ప్రాణం మీదికొస్తుంది, లిఫ్టు కూడా ఎక్కను. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తలుపు బాదాను, గొంతు చించుకున్నాను, ఏనాడో పోయిన అమ్మని పిలిచాను, చివరికి భోరుమన్నాను. తలుపు బిగుసుకుపోయిందని తర్వాత చెప్పారు. మొహం కడిగే షాటు కోసం గూట్లో పెట్టిన కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది.

హాల్లో జనం పడీపడీ నవ్వింది అక్కడే. అప్పటినుంచి కొట్టుకొచ్చేవాళ్ళకి కళ్ళజోడు కన్నా నా అరుపే ముఖ్యమైపోయింది. పవరు చూస్తుంటే, "ఒక్కసారి ఆ 'అమ్మా' అనండి సార్" అని అడుగుతారు.

డిస్కులో ఆ సీను తీసెయ్యమన్నాను. అది తీసేస్తే ఇంకేం మిగులుతుందన్నాడు తమ్ముడు. సినిమా నడుస్తుంటే తీసినవాళ్ళు కూర్చుని కబుర్లు చెబుతారట, డిస్కు కొన్నవాళ్ళు కావాలంటే అవీ వినొచ్చట. వచ్చి అది నటన కాదని నీ నోటితోనే చెప్పెయ్యి అన్నాడు. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ, "పోనిద్దురూ, నవ్వుకుంటే మన సొమ్మేం పోయింది" అంది. నాకు ఒళ్ళు మండింది. జనం వింటే వింటారు, లేకపోతే లేదు, నిజం చెప్పి తీరాలనుకున్నాను.

రికార్డింగు గది అగ్గిపెట్టెంత ఉంది. గోడలకి దుప్పట్లు, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. ఎర్రదీపం వెలిగిందంటే సినిమా అయ్యేదాకా ఎవరూ ఆ తలుపు తియ్యకూడదు. మధ్యలో ఆపితే కబుర్లలో జీవం పోతుందని తమ్ముడి పట్టుదల. కూర్చోగానే నాకు చెమటలు పట్టాయి.

సీను వచ్చింది. గొంతు సవరించుకుని, అక్కడ నేను నటించలేదని, నిజంగానే చచ్చిపోతాననుకున్నానని చెప్పాను. తమ్ముడు విరగబడి నవ్వాడు. గాజు అద్దం అవతల రికార్డు చేస్తున్న సౌండతను పొట్ట పట్టుకున్నాడు. నవ్వకండి, ఒట్టు అన్నాను. ఇంకా నవ్వారు. నేను నోరు తెరిస్తే చాలు, అది జోకే.

"అసలు సంగతి ఇన్నాళ్ళూ దాచాం," అన్నాడు తమ్ముడు మైకులోకి, ఉత్సాహంగా. "తలుపు బిగుసుకుపోలేదు. బయట గడియ పెట్టాం. నాకు చెయ్యి రాలేదు, వదినే పెట్టింది."

వేళాకోళం అనుకున్నాను. ఈలోగా తెర మీద తలుపు తెరుచుకుంది. ఎదురుగా మా ఆవిడ. నేను ఆమె మీద పడి చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాను. హాల్లో చప్పట్లు కొట్టిన చోటు ఇదే. ఆ ఒక్క ముక్క కోసం ఈ సినిమాని నేనూ క్షమించాను, నన్ను ఎంత గట్టిగా పొదువుకుందో చూసుకుని మురిసిపోయాను. ఈసారి ఆమె కళ్ళు చూశాను. నా భుజం మీదుగా పక్కకి తిరిగి ఉన్నాయి. ఇక చాలా? ఇంకాసేపు పట్టుకోవాలా? అని తలుపు చాటున ఉన్న తమ్ముణ్ణి అడుగుతున్నాయి.

లేచి వెళ్ళిపోవాలనిపించింది. దీపం ఎర్రగానే ఉంది, సినిమా ఇంకా అరగంట ఉంది. తమ్ముడు మోచేత్తో పొడిచాడు, మాట్లాడమని.

"మా ఆవిడ," అన్నాను మైకులోకి. "బాగా చేసింది."

సౌండతను నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చేశాడు.