ఇరుసు విరిగిన చోట

ఆ ఇంట్లో పెద్దమ్మాయిని మొండి అనేవాళ్ళు, చిన్నమ్మాయిని మిరపకాయ అనేవాళ్ళు. మొండి మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. మిరపకాయకు పసితనం నుంచీ కాళ్ళలో పట్టు లేదు. చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద వెళ్ళి, గడియారాల దుకాణంలో రిపేర్లు చేస్తుంది. వంక పెట్టిన వాళ్ళకు ఆమె నోటి కారం తెలిసొచ్చేది.

బండి ఇరుసు అరిగి వంగిపోతే, కొత్తది తనే చేస్తానని మొండి పట్టుబట్టింది. కాలేజీ వర్క్‌షాపులో ఉక్కు కడ్డీని లేత్ మీద తరిగి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచింది. ఆకురాయి పెట్టి రుద్దితే జర్రున జారిందే తప్ప గీత పడలేదు. ఇంత గట్టి ఇరుసు ఏ బజార్లోనూ దొరకదని పొంగిపోయి అప్పటికప్పుడే బండికి బిగించేసింది.

అది వారం కూడా నిలవలేదు. వీధి వాలులో చక్రం చిన్న గుంతలో పడింది. ఫట్‌మని చప్పుడు. బండి ఒరిగి, మిరపకాయ బోర్లా పడింది. ముందు పన్ను సగం విరిగింది, గడ్డానికి కుట్లు పడ్డాయి.

"నీ ప్రయోగాలకి నా పిల్లే దొరికిందా?" అంది అమ్మ. అంతే, ఆ తర్వాత పెద్ద కూతురితో మాట్లాడటం మానేసింది.

మొండికి అన్నం సయించలేదు. అయినా తెల్లారేసరికి విరిగిన ఇరుసు రెండు ముక్కలూ గుడ్డలో చుట్టుకుని, మెటలర్జీ చెప్పే మేడమ్ ముందు పెట్టింది.

"ఎందుకు విరిగిందో నేను చెప్పను. నువ్వే చూసి చెప్పు" అందామె, భూతద్దం చేతికిచ్చి.

"ఎక్కడా వంగలేదు మేడమ్. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది. గాజులా పగిలింది."

"నీళ్ళలో ముంచాక మళ్ళీ వేడి చేశావా?"

మొండి తల దించుకుంది. "లేదు. టెంపరింగ్ చేస్తే గట్టిదనం తగ్గుతుందన్నారు కదా. చేజేతులా తగ్గించుకోవడం ఎందుకని..."

"గీత పడకపోవడం వేరు, దెబ్బకి ఓర్చుకోవడం వేరు. గట్టిదనం మరీ పెంచితే ఉక్కు పెళుసైపోతుంది. ఇంకోటి, ఇరుసు సన్నబడే ఈ మెట్టు దగ్గర మూల చూడు, కత్తిలా తరిగావు. దెబ్బ బలమంతా అక్కడికే చేరుతుంది."

ఆ రోజు నుంచి మొండికి ల్యాబే లోకమైంది. ముక్కలు కోసింది, కాల్చింది, ముంచింది, మళ్ళీ వేడి చేసింది. వేడి చాలనివి టప్పున విరిగాయి. ఎక్కువైనవి మెత్తబడి వంగిపోయాయి. తోటి పిల్లలు "కొత్తది కొనుక్కోవచ్చుగా!" అని నవ్వారు. "కొనుక్కోవచ్చు. కానీ ఎంత వేడికి విరగకుండా నిలుస్తుందో తేలాలి కదా" అని మళ్ళీ ఫర్నేస్ తలుపు తీసింది. చివరికి వేడి కుదిరింది. ఆ లెక్కనే కొత్త ఇరుసు చేసింది, ఈసారి మూలను గుండ్రంగా తిప్పింది.

అసలు కష్టం ఇంట్లో ఎదురైంది.

"నువ్వు చేసిన ఇరుసు మీద నేను చచ్చినా కూర్చోను. నాకింకా పళ్ళు కావాలి" అంది మిరపకాయ.

"కూర్చోవద్దు. వచ్చి నీ చేత్తోనే విరగ్గొట్టు."

చెల్లెలు కాసేపు ఎగాదిగా చూసింది. "విరగ్గొట్టడమైతే వస్తా."

మేడమ్ దగ్గరుండి ల్యాబులోని పెద్ద లోలకం సుత్తిని పైకెత్తించింది. కింద మొదట పాత పద్ధతిలో చేసిన ముక్క పెట్టారు. మిరపకాయ పిడి లాగింది. ముక్క తునిగింది. అడ్డేమీ లేనట్టు సుత్తి అవతలి వైపు పైదాకా ఊగింది. ఆమె చెయ్యి తెలియకుండానే గడ్డం మీదికి వెళ్ళింది.

తర్వాత కొత్త ముక్క. పిడి లాగడానికి ఈసారి కాస్త సమయం పట్టింది. దబ్బుమని మొద్దు చప్పుడు. సుత్తి కొంచెమే లేచి చతికిలపడింది. ముక్క వంగింది, నోరు తెరిచింది, కానీ రెండుగా విడిపోలేదు.

మిరపకాయ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా గడియారం స్ప్రింగులు నీలంగా ఉండేది మళ్ళీ వేడి చేసినందుకేనా?"

"అవును."

"మరి మొన్న ఈ పని ఎందుకు చెయ్యలేదు?"

"పొగరు" అంది మొండి. "నాదే తప్పు."

చెల్లెలు వంగిన ముక్కను ఒళ్ళో పెట్టుకుంది.

ఆదివారం ఇరుసు బిగించాక ముందు మొండే బండెక్కింది. అదే వాలు, అదే గుంత. కావాలనే చక్రాన్ని మళ్ళీ మళ్ళీ అందులో పడేసింది, ఒళ్ళు హూనమయ్యేదాకా. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చివరికి మిరపకాయ అక్కను లేవమని సైగ చేసి, తనే సీట్లోకి జరిగింది. పెదవులు బిగించి వాలులోకి బండి వదిలింది. గుంతలో బండి ఎగిరిపడి, చక్కగా ముందుకు సాగింది.

"ఇరుసు సరే, బ్రేకులు దండగ!" అని కిందనుంచి అరిచింది.

"అదీ నువ్వే చూడు" అంది అమ్మ. ఇన్నాళ్ళకు పెద్ద కూతురితో ఆమె అన్న మొదటి మాట అది. మొండి పానా తీసుకుని వాలులో దిగింది.