లేని నొప్పి

"మగ డాక్టరుకి చూపించడానికి అదేమన్నా చెయ్యా, కాలా?" అన్నాడు రంగనాయకులు. రొమ్ములో గడ్డ తగులుతోంది, రేపల్లె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండని పెళ్లాం ప్రమీలారాణి పెసరట్టు తిరగేస్తూ అడిగినందుకు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటి మాట. భట్టిప్రోలులో పరువుగల రైతుల ఇళ్లలో ఆడవాళ్ల రోగాన్ని డాక్టరు దాకా మొగుళ్లే మోసుకెళ్లేవాళ్లు మరి! ఒక్కడే రేపల్లె వెళ్లి, డాక్టరుకి తన చొక్కా మీదే చెయ్యి పెట్టి చూపించి, పూతమందు తెచ్చేశాడు మహానుభావుడు.

"నొప్పి ఉందా అన్నాడు డాక్టరు. ఉందన్నాను. గడ్డంటే నొప్పి ఉండదా ఏంటి?" అన్నాడు ఇంటికొచ్చి.

లేదు. అసలు నొప్పే లేదు. ఆయన చెప్పింది తప్పని ఎవరితో అంటుంది? చంటిది పాలు తాగే రోజుల్లో ఒకసారి రొమ్ము గడ్డకట్టి, ఎర్రబడి, జ్వరమొచ్చింది. అత్తగారు సుబ్బాయమ్మ కాపడం పెడితే తగ్గింది. "ఇదీ పాలగడ్డేనే" అంది అత్తగారు. ఆ చంటిది బడికెళ్తోంది, ఇంకా పాలగడ్డ ఏంటని అడగాలనిపించింది. అడగలేదు. కోతల రోజులు, కూలీలకు వండాలి, గేదెల పాలు తీయాలి. అన్ని పనులూ అయ్యాక గానీ తన ఒళ్లు తనకి గుర్తొచ్చేది కాదు. ఎంత పిచ్చిది! ఏడాది పాటు ఆ మందే రాసుకుంది.

చర్మం సొట్టపడ్డాక గానీ తెనాలిలో లేడీ డాక్టరు సారా దగ్గరికి రాలేదు. ఆవిడ పూతమందు సంగతంతా విని, గడ్డని వేళ్లతో నొక్కి చూసింది.

"నొప్పి ఉందామ్మా?"

"ఉందండి" అన్నాడు రంగనాయకులు తెర అవతల నుంచి.

"లేదండి" అంది ప్రమీల. "ఎప్పుడూ లేదు."

డాక్టరు మొహం మారింది. "పాలగడ్డ అయితే సలుపుతుంది, జ్వరం తెస్తుంది. గోలీలా వేళ్ల కింద జారే గడ్డలుంటాయి, వాటితో చాలావరకు భయం లేదు. ఇది రాయిలా ఉంది, కదలడం లేదు, నొప్పీ లేదు. చేత్తో చూడకుండా మందెలా ఇచ్చారమ్మా?"

ప్రమీలకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ "లేదండి" ఏదో అప్పుడే అని ఉంటే ఏడాది ముందే ఇక్కడికి వచ్చేదేమో. ఎంత చిన్న మాట!

డాక్టరు చేతులు కడుక్కుని తెర జరిపింది. "ఏవండీ, మీరొకసారి పక్కగదిలోకి రండి. మీతో మాట్లాడాలి."

రంగనాయకులు లేచాడు. ప్రమీల రవిక హుక్కులు పెట్టుకుంటూనే వచ్చి వాళ్లిద్దరి మధ్యా నిలబడింది.

"ఆయన్ని కూర్చోనివ్వండి డాక్టరమ్మా. అదున్నది నా ఒంట్లో. ముందు నాతో చెప్పండి."