పగలని గాజు

పక్క స్థలంలో పునాదుల కోసం గోతులు తొలిచే యంత్రం దిగిన రోజునే, కొలతలు తీసే అమ్మాయి ఒకతె అద్దాలాయన ఇంటికి వచ్చింది. వెనకగది గోడకు ఎప్పటిదో ఓ సన్నటి బీట ఉంది. దానికి అడ్డంగా వేలెడు గాజుముక్క పెట్టి, రెండు చివర్లూ సిమెంటుతో అతికించి, పక్కనే తేదీ వేసింది.

"గోడ కదిలితే ఇది పగులుతుంది బాబాయ్. పగిలిందంటే వెంటనే మాకు చెప్పండి. మేం పని ఆపేస్తాం, మీరు ఇల్లు ఖాళీ చేద్దురు గాని" అంది.

గాజు గురించి అద్దాలాయనకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. నలభై ఏళ్లుగా ఆ ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుని పటాలు కడుతూ, కిటికీలకు అద్దాలు కోస్తూ బతికినవాడు. ముక్క అంచున నొక్కు ఉందని చూడగానే కనిపెట్టాడు. ఎవడో చేతకానివాడు కోసి ఉంటాడని లోలోపల నవ్వుకున్నాడు కూడా.

ఆ గోడను ఆనుకునే ఆయన భార్య మంచం. ఆవిడకు నడుము కింద చచ్చుబడి నాలుగేళ్లయింది. ఖాళీ చేయాల్సి వస్తే పక్కన కట్టే కంపెనీవాళ్లు ఇస్తామన్న గదులు మూడో అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు లేదు. మెట్ల మీద మోసుకెళితే మనిషి దక్కదని ఆయన భయం. ఈ మంచం, ఈ కిటికీ, ముందుగదిలో తన అలికిడి లేకపోతే ఆవిడ బతకదని తీర్మానించేసుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున గాజు రెండు ముక్కలై కనిపించింది. 'నొక్కున్న అంచు, విరగక ఏం చేస్తుంది?' అనుకున్నాడు. అదే కొలతకు ఇంకో ముక్క కోసి, అంచులు నున్నగా అరగదీసి అతికించాడు. నాలుగు రోజులకు అదీ విరిగింది. ఈసారి నెపం వేయడానికి నొక్కు లేదు. అయినా చెయ్యి ఆగలేదు. బల్లల మీద పరిచే దళసరి గాజు కోసి పెట్టాడు. వెడల్పయిన బీటలో అద్దాలకు పూసే లప్పం కూరి, పైన సున్నం రాశాడు. తలుపు పట్టేస్తుంటే చిత్రిక పట్టి సరిచేశాడు. దళసరి గాజు విరగలేదు. విరగలేదు కాబట్టి గోడ కదల్లేదని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని చూసి నవ్వుతాం గానీ, దాని ఆకలి దానిది పాపం.

మరుసటి వారం ఆ అమ్మాయి వచ్చి గాజు చూసి పుస్తకంలో రాసుకుంది.

"గట్టి గోడే బాబాయ్! రేపు దీని పక్కనే గోతులు మొదలుపెడతాం. ఇక్కడ ఇనుప గొట్టం దించే పని లేదంటున్నారు మావాళ్లు."

"గొట్టమెందుకమ్మా?"

"పక్క ఇసుక గోతిలోకి జారకుండా. ఇసుక జారితే మీ పునాది కింద బోలైపోతుంది, గోడ కూర్చుండిపోతుంది."

"జారిందో లేదో మీకెలా తెలుస్తుంది?"

"ఇదిగో, ఈ గాజే చెబుతుంది కదా!"

మంచం మీద ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. పరువు పోతే పోయింది, ఇక దాచడం ఆయన వల్ల కాలేదు.

"అది నీ గాజు కాదమ్మా, నాది" అన్నాడు.

ఆ అమ్మాయి వంగి సున్నం రాసిన బీట చూసింది. పెన్ను మొనతో లప్పం గీకింది. అది పెళ్లలుగా ఊడిపడింది, లోపలికి ఆమె వేలు సగం దాకా దిగింది. ఫోన్ తీసి ముందు యంత్రం ఆపించింది, తర్వాత నలుగురు పనివాళ్లను పిలిపించింది. అరగంటలో ఆవిడను మంచంతో సహా వీధిలోకి మోసుకొచ్చారు. ఇంకో గంటకు వెనకగది గోడ లోపలికి కూలింది. మంచం ఉన్నచోట నడుమెత్తున ఇటుకలు పడ్డాయి.

అద్దాలాయన వీధిలోనే మంచం పక్కన చతికిలబడ్డాడు.

"నిన్ను చంపేసేవాణ్ణే! మెట్లెక్కిస్తే తట్టుకోలేవని, ఆ గది లేకపోతే నువ్వు బతకవని ఇంత పాడుపని చేశాను" అన్నాడు ఏడుస్తూ.



"మీరు గాజులు మార్చడం నేను చూస్తూనే ఉన్నానండీ" అంది ఆవిడ. "గోడ లోపల మట్టి రాలుతుంటే నా చెవి పక్కనే వినబడేది. రెండు వారాలుగా."

ఆయన తలెత్తాడు.

"మరి చెప్పలేదేమే?"

"ఆ బల్లా ఆ పనీ వదిలి మీరు బతకలేరనుకున్నాను" అంది ఆవిడ.