చుక్క కారకుండా

పెళ్లై రెండు నెలలు కూడా నిండలేదు గనక ఆ అమ్మాయికి అన్నీ ముద్దుగానే ఉండేవి. మొగుడు తడి తువ్వాలు తెచ్చి కుర్చీ మీద పడేసినా ముద్దే. మామగారి పాత కారు స్టార్టయ్యే ముందు రెండుసార్లు దగ్గినా ముద్దే. ఇంజన్ వేడెక్కకుండా పోసే పచ్చటి కూలెంట్ ఎంతవరకు ఉందో తెలియడానికి, ఆ డబ్బా మీద తన గోళ్ల రంగుతో ఒక ఎర్ర గీత గీసుకుంది. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆ గీతను పసిపిల్ల బొట్టును చూసుకున్నట్టు చూసుకునేది.

మొదట కూలెంట్ ఆ గీత కన్నా కిందికి దిగింది. కారు కింద అట్టముక్కలు పరిచి చూసింది. ఒక్క చుక్క పడితే ఒట్టు. మర్నాడు ఇంకో వేలెడు తగ్గింది. నాలుగో రోజు పొద్దున బానెట్ ఎత్తేసరికి కూలెంట్ గీత కన్నా పైకి వచ్చి ఉంది. షెడ్డు తాళం వేసింది వేసినట్టే ఉంది. చేతిలో గుడ్డ అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేసింది.

అత్తగారికి చెప్పే వీల్లేదు. ఆవిడకు ఆ కారంటేనే గిట్టదు. మూడేళ్ల కిందట ఒక చలికాలం తెల్లవారుజామున మామగారు ఒక్కరే అందులో బయల్దేరి, ఊరు దాటిన తర్వాత మలుపులో రోడ్డు దిగి గుంతలో పడ్డారు. కారుకు బంపరు సొట్టపోయిందంతే. ఆయన మాత్రం లేవలేదు. ముందు రాత్రంతా మొగుడూ పెళ్లాలు గొడవపడి కన్ను మూయలేదట. స్టీరింగ్ దగ్గర కునుకు పట్టి ఉంటుందని అందరూ అన్నారు. ఆ కునుకును ఆవిడ తన నెత్తిన వేసుకుంది. కొడుకు కారు మీద గుడ్డ కప్పి మూడేళ్లు అలాగే ఉంచాడు, నాన్న చెయ్యి తగిలిన చోటని లోపల దుమ్ము కూడా దులపనివ్వలేదు. పెళ్లయ్యాక బయటికి తీశాడు. ఇప్పుడు దానికి ఈ రోగం. కూలెంట్ తగ్గుతున్న సంగతి ఎలాగో తల్లి చెవిన పడింది. ఆదివారంలోగా అదేమిటో తేలకపోతే తుక్కువాడికి ఇచ్చెయ్యాలని ఆవిడ చెప్పేసింది, కొడుకు ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున ఇద్దరూ కారును రెండు వీధుల అవతల మెకానిక్ పానా బాబాయి షెడ్డుకు తీసుకెళ్లారు. వడ్రంగి చెవి మీద పెన్సిల్‌లాగా ఆయన చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని ఆ పేరు. ఆయన ముందుగా రోజుకెంత తగ్గుతోందని అడిగాడు. ఆమె గీత సంగతి, కూలెంట్ దాని పైకి వచ్చిన సంగతి గొంతు తగ్గించి చెప్పింది. అప్పుడు మొగుడు నేలచూపులు చూస్తూ, ఆమె కంగారు పడుతుందని తనే చాటుగా పోశానని ఒప్పుకున్నాడు. ఆమె నాలుక కరుచుకుంది. అతను దిగులు పడతాడని ఆ తర్వాత తనూ రెండుసార్లు పోసింది.

"బాగుంది వరస," అన్నాడు బాబాయి. "ఒకరికి తెలీకుండా ఒకరు రక్తం ఎక్కిస్తుంటే, నేనేం నాడి పట్టుకోనమ్మా?"

ముగ్గురూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇంజనే కూలెంట్‌ను తాగేస్తోందేమోనని బాబాయి డబ్బా మూతి దగ్గర నీలం మందు పెట్టి చూశాడు. అలా తాగుతుంటే అది పసుపుపచ్చగా మారాలి. నీలంగానే ఉంది. చేతిపంపుతో లోపలికి గాలి కొట్టాడు. పంపు మీటరులో ముల్లు కొంచెం కొంచెంగా పడిపోతోంది. వంగి కింద తడిమాడు. పొడిగా ఉంది.

"బయటికి పోవట్లేదు. కారు లోపలికే పోతోంది," అన్నాడు. తర్వాత, కిటికీ అద్దాలు మూసి ఎప్పుడైనా నడిపారా అని అడిగాడు. గాలికి జుట్టు ఎగురుతుంటే ఆమెకు సరదా. అందుకని ఒక్కనాడూ మూయలేదు.

ఇంజన్ వేడెక్కించి, హీటర్ పెట్టి, అద్దాలన్నీ ఎత్తేసి బాబాయి ఆమెను ముందు సీట్లో కూర్చోమన్నాడు. వాసనేమైనా వస్తే చెప్పమన్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత మగ్గిపోయిన పండులాంటి తియ్యటి వాసన కాళ్ల దగ్గర్నుంచి లేచింది. ముందు అద్దం అడుగున తెల్లగా ఆవిరి పట్టింది. తన ఊపిరేనేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది. ఆవిరి ఆగలేదు, పైకి పాకింది. స్టీరింగ్ ఎదురుగా ఒక్కచోట మాత్రం పట్టకుండా మిగిలిపోతోంది. అక్కడ గీతలు తేలాయి. నాలుగు వేళ్ల వెడల్పున, వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి. పెద్ద చెయ్యి. పైన నిదానంగా తుడిచింది. కింద తొందర తొందరగా. అన్నిటికన్నా చివరిది అద్దం పొడుగునా జారిపోయింది.

ఆమె తలుపు తోసుకుని బయటపడింది. అద్దంకేసి వేలు చూపించింది.

బాబాయి రబ్బరు పట్టా ఎత్తి కింది తివాచీని పిండాడు. పచ్చటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. హీటర్ లోపల చిన్న గొట్టాల పెట్టె చిల్లిపడిందనీ, తివాచీ కింద ఇంత తుప్పు పట్టిందంటే అది ఈ రెండు నెలల్లో జరిగింది కాదనీ చెప్పాడు.

"నాన్నకి చలి పడేది కాదు," అన్నాడు మొగుడు అద్దంకేసే చూస్తూ. "హీటర్ లేకుండా కదిలేవాడు కాదు."

ఫోన్ చేస్తే అత్తగారు నడిచే వచ్చింది. కొడుకు చెప్పిందంతా నిలబడి విన్నది. వంగి అద్దం మీద గీతల్ని ఒక్కొక్కటిగా చూసింది.

"అయితే నిద్రపోలేదన్నమాట."

"లేదమ్మా. దారి కనపడక తుడుచుకుంటూనే ఉన్నాడు."

ఆవిడ ఏడవలేదు. స్టీరింగ్ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఇంజన్ ఆపొద్దని బాబాయికి చేత్తో సైగ చేసింది. పది నిమిషాలైతే పరవాలేదు, అంతకన్నా ఆ గాలి పీల్చకూడదని ఆయన గొణిగాడు.

కాసేపటికి ఆవిరి కమ్ముకుని ఆవిడ మొహం కనిపించకుండా పోయింది. కోడలు ముందుకు జరిగి గీతల సందుల్లోంచి చూసింది. అత్తగారు ఖాళీ స్టీరింగ్ వైపు తిరిగి మాట్లాడుతోంది. కోపంగా, చెయ్యి ఊపుతూ. మధ్యలో ఆగింది. అవతలి జవాబు వింటున్నట్టు తల వంచింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ అందుకుంది.

మొగుడు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండు," అంది. "ఇంకా అవ్వలేదు."