టెంక ఉన్న సగం

పాత రైలు కట్ట మీద ఆ తెల్లవారుజామున పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, ముందు నడుస్తున్న నేస్తం ఇర్మా నడుము కిందంతా మాయమైపోయింది. పైసగం మాత్రం తేలుతూ పోతోంది. సులేమాకి నవ్వొచ్చింది. గొడ్డలి భుజాన సర్దుకుని ఆ సగం మనిషి వెనకే నడిచింది.

ఈ కట్ట మీద రైలు నడిచి పాతికేళ్ళు. పట్టాలు ఎవరు పీక్కుపోయారో ఎవరికీ తెలియదు, లేదా అందరికీ తెలుసు. తుప్పలు నరికి, గుంతలు పూడ్చి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ బాట చేస్తామని ఊళ్ళో పనీపాటా లేని ఓ పదిమంది బయల్దేరారు. పనీపాటా లేనివాళ్ళు కాబట్టే పని బాగా చేస్తున్నారు. వాళ్ళకి పెద్ద దిక్కు యుసేబియో, మర్యాదకి అందరూ ‘దోన్’ అంటారు. ఒకప్పుడు ఇదే లైన్లో రైలు గార్డు, పొరుగూరివాడు. బాట నూలు పట్టినట్టు తిన్నగా ఉండాలంటాడు.

అలా ఉండనివ్వంది ఒక్క పీచ్ చెట్టే. స్టేషన్ దాటగానే, కట్ట నడిమధ్యలో పాతుకుపోయింది. రాలిన పళ్ళు కుళ్ళి, కందిరీగలు ముసురుతున్నాయి. కొట్టేద్దామని యుసేబియో అనగానే నేను కొడతానంటూ ముందుకొచ్చింది సులేమాయే.

పీచ్ పండంటే ఆమెకి గిట్టదు. చిన్నప్పుడు అలా కాదు. అక్క నేలిదా పండుని రెండు చేతులా మెలిపెట్టి రెండు ముక్కలు చేసేది. టెంక ఉన్న సగం ఎప్పుడూ సులేమాదే. సాయంత్రం దాకా ఆ టెంకని బుగ్గన పెట్టుకుని చప్పరించేది. పెద్దయ్యాకా ఆ పంపకం మారలేదు. తర్వాత నేలిదా ఆఖరి రైలెక్కి పట్నం వెళ్ళిపోయింది. వెళ్ళొద్దని ముందురోజు పోట్లాడిన సులేమా, మనసొప్పక స్టేషన్‌కి పరుగెత్తింది. కదులుతున్న రైల్లో కిటికీ కిటికీ వెతికింది. అక్క మొహం ఎక్కడా లేదు. కడసారి చూపైనా చూడకుండా పోయిందని ఒళ్ళు మండి, రైలు పూర్తిగా దాటకముందే వెనుదిరిగి వచ్చేసింది. ఆ చలికాలమే నేలిదా పట్నంలో జ్వరంతో పోయింది. కోపం మాత్రం ఇక్కడే మిగిలిపోయింది. చచ్చిపోయిన మనిషిని నిలదీసేదెలా?

చెట్టు దగ్గరికి చేరేసరికి కాళ్ళ కింద నేల సన్నగా అదిరినట్టనిపించింది. అందరూ కట్ట దిగి పక్కకి తప్పుకున్నారు. ఏమీ రాలేదు. ఎవరూ సిగ్గుపడలేదు. మంచు పట్టిన రోజున ఆ ఆఖరి రైలు మళ్ళీ ఈ కట్ట మీద పోతుందని ఆ ఊళ్ళో నమ్మకం, అందరూ చేసే పనే అది.

ఇర్మా టీలా తాగే మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్ళు పోసి అందించింది. “ముందు ఓ గుక్క తాగవే. నీ మొహం చూస్తుంటే గొడ్డలితో పనిలేకుండా చెట్టే పడిపోయేలా ఉంది.”

“నోర్ముయ్యవే!”

యుసేబియో చెట్టుని ఎగాదిగా చూశాడు. “దీన్ని ఇక్కడ పడేసిన దొంగెవరో నాకు తెలుసు.”

“మీరే అయ్యుంటారు,” అంది ఇర్మా.

“నేనా! ఆఖరి రైల్లో చోటు చాలక ఓ పిల్ల రైలు చివరనున్న నా గార్డు పెట్టెలోకి ఎక్కింది. పచ్చ గౌను. స్టేషన్ దాటుతుంటే వెనక తలుపు దగ్గర నిలబడి పండు విసిరేసింది. పట్టాల మీద చెత్తేంటని కేకలేశాను.”

సులేమా నోటి దాకా వెళ్ళిన బుర్ర ఆగిపోయింది. “పండంతానా?”

“కాదమ్మాయ్. చేతుల్తో మెలిపెట్టి రెండు చేసింది. టెంక ఉన్న ముక్క విసిరింది. ప్లాట్‌ఫాం మీద ఎవరో అటు తిరిగి పోతున్నారు. వాళ్ళని గట్టిగా పిలుస్తూ విసిరింది. అందలేదు పాపం.”

“ఇంకో సగం?”

“చాలాసేపు అలా పట్టుకునే కూర్చుంది. తర్వాత ఏడుస్తూ తింది.”

సులేమా అక్కడే కంకరలో కూలబడిపోయింది. “నన్నేనే ఇర్మా! నన్నే పిలిచిందే!” అంటూ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పాతికేళ్ళ కోపం ఏడ్వడానికి చాలాసేపు పట్టింది.

“వాళ్ళక్క,” అంది ఇర్మా మెల్లగా.

యుసేబియో వంగి, బాట హద్దుకని తిన్నగా లాగి కట్టిన తాడు విప్పాడు. మేకులు పీకి, చెట్టు చుట్టూ తిప్పి మళ్ళీ పాతడం మొదలుపెట్టాడు. “నా లైన్లో ఒక్క వంపు లేదు ఇన్నాళ్ళూ,” అని గొణిగాడు.

“ఇప్పుడుంది. పోన్లెండి, దోన్,” అంది ఇర్మా.

సులేమా లేచి ఓ పండు కోసింది. చిన్నది, సగం పులుపు. మెలిపెట్టి రెండు చేసి, టెంక ఉన్న సగం తినేసింది. టెంకని బుగ్గన పెట్టుకుంది. మళ్ళీ నేల అదిరినట్టయింది. అందరూ పక్కకి తప్పుకున్నారు. రెండో సగం చేతిలో పట్టుకుని సులేమా కూడా కట్ట పక్కన నిలబడింది. ఈసారి ఆఖరి పెట్టె దాటేదాకా అక్కడే ఉంది.