తిమింగలం తుమ్మితే

ఎవరు తుమ్మినా "చిరంజీవ" అనడం గడియారాలు బాగుచేసే తాతయ్యకు అలవాటు. నిజానికి అది ఆయన భార్య అలవాటు. ఆవిడ పోయాక ఆ మాట దిక్కులేనిదైపోకుండా ఆయనే చేరదీశాడు. గీచి గీచి బేరమాడే మనిషి తుమ్మినా సరే, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే దీవించేవాడు.

ఆ ఆదివారం మనవరాలికి పెద్ద చిక్కే వచ్చిపడింది. తిమింగలాన్ని చూసొచ్చి చెబుతానని క్లాసులో కోతలు కోసింది. చూడకపోతే 'కోతలరాణి' అన్న పేరు ఏడాదంతా వదలదు. అందుకే తాతా మనవరాలూ దీవి చుట్టూ తిప్పే చిన్న పడవెక్కారు.

దీవి చుట్టడం అయిపోయింది. కొంగలు కనిపించాయి. నీళ్ళలో తేలుతూ ఒక ప్లాస్టిక్ చెప్పు కూడా కనిపించింది.

"తిమింగలం గుమ్మంలో విడిచి లోపలికెళ్ళినట్టుంది," అన్నాడు తాతయ్య.

మనవరాలు నవ్వలేదు.

"ఇంక వెనక్కి తిప్పేస్తా, బాబాయిగారూ," అంది పడవ నడిపే ఆవిడ. "కబురు పెడితే రావడానికి అవేమన్నా చుట్టాలా?"

"చుట్టాలు మాత్రం వస్తున్నారా అమ్మా?"

ఆవిడ మోటారు ఆపి పెట్రోలు డబ్బా అందుకుంది. తాతయ్య వంగి మనవరాలి బూటు లేసు కడుతున్నాడు. వెనకనుంచి ఫుస్సుమని పెద్ద తుమ్ము వినిపించింది. నెత్తిమీద జల్లు పడింది.

"చిరంజీవ," అన్నాడు తలెత్తకుండానే.

లేసు ముడి బిగించాడు. తిరిగి చూస్తే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, పడవకు రెండింతలున్న నల్లటి వీపు. నీళ్ళలోంచి ఒక కన్ను ఆయన్ని నింపాదిగా చూసింది, ఆయన గడియారం లోపలికి చూసినట్టే. తర్వాత తిమింగలం పడవను కుదపకుండా నీళ్ళలోకి మునిగిపోయింది.

"నూరేళ్ళు కూడా అనేయాల్సింది, బాబాయిగారూ," అంది పడవావిడ గుసగుసగా.

ఫోను సంచి అడుగున భద్రంగా ఉంది. మనవరాలి మొహం వాడిపోయింది. "ఫొటో తియ్యలేదు తాతయ్యా. ఎవరూ నమ్మరు."

"ఫొటో సంగతి తర్వాత, ముందు మీ తాతయ్య చొక్కా సంగతి చూడు," అంది పడవావిడ ముక్కు మూసుకుంటూ. "కుళ్ళిన చేపల గంప నెత్తిన బోర్లించినట్టుంది."

మనవరాలు దగ్గరికొచ్చి వాసన చూసింది. మొహం చాటంతయింది.

"చొక్కా విప్పు తాతయ్యా. ఉతక్కూడదు. రేపు బడికి పట్టుకెళ్తా. నమ్మనివాళ్ళ ముక్కుకి ఆనిస్తా."

పడవావిడ ఇచ్చిన తువ్వాలు కప్పుకుని తాతయ్య బస్సెక్కాడు. చొక్కా సంచికి మూతి గట్టిగానే కట్టారు గానీ, చుట్టుపక్కల సీట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఇద్దరూ హాయిగా కాళ్ళు బారచాపుకున్నారు.

ముందు సీట్లో మిగిలిన ఒకే ఒక్క పెద్దమనిషి గట్టిగా తుమ్మాడు. తాతయ్య నోరు తెరిచేలోపే మనవరాలు అనేసింది.

"చిరంజీవ."