బ్రెడ్డు పథ్యం

మా ఆయన మీద నాకో ఫిర్యాదు ఉంది. హోటల్‌కు తీసుకెళ్లరని కాదు, తీసుకెళ్తారు. కాకపోతే ముందు తను లోపలికి వెళ్లి బాత్రూం చూసి, తృప్తిపడి బయటికొచ్చాకే నన్ను కూర్చోమంటారు. మెనూ సంగతి ఆ తర్వాత. హైటెక్ సిటీలో ఏ భవనంలో ఏ అంతస్తులో శుభ్రమైన బాత్రూం ఉందో, ఎక్కడ గొళ్లెం పడదో మా ఆయన లింగమూర్తికి తెలిసినంతగా ఆ భవనాలు కట్టినవాళ్లకు కూడా తెలియదు. కొత్తగూడ ఫ్లైఓవర్ అంటే ఆయనకు భయం. ఎత్తుకు కాదు, ఎక్కాక మధ్యలో దిగే వీలుండదని.

కడుపు ఉబ్బరం, విరేచనాలు, నీరసం. ఏళ్ల తరబడి ఇదే వరస. బెల్టుకు ఉన్న బెజ్జాలు చాలక మేకుతో కొత్తవి పొడిచాం. ఆఫీసులో మాత్రం "స్లిమ్ అయ్యావు బ్రో, ఏం డైట్?" అని అడిగేవారట.

మొదటి డాక్టరు గ్యాస్ అన్నారు. రెండో ఆయన కూడా గ్యాసే అన్నారు, కాకపోతే ఖరీదైన మాత్రలు రాశారు. మూడో ఆయన వెనక గోడ మీద పేగుల బొమ్మ ఇంత పెద్దది ఉంది. దాని వంకగానీ, మా వంకగానీ చూడకుండా "ఐటీనా? టెన్షన్. యోగా చేయండి" అన్నారు. మా వైపు ఈ టెన్షన్ అనే మాట చాలా సుఖం. జుట్టు రాలినా అదే, కాలు బెణికినా అదే.

మా అత్తమ్మ సీతాబాయికి ఇంతమంది డాక్టర్లు అక్కర్లేదు. పుప్పాలగూడలో ఇంకా వరి పండుతున్న రోజుల్లో కాపురానికి వచ్చిన మనిషి. ఇప్పుడు అదే ఊళ్లో తొమ్మిదో అంతస్తులో మాతో ఉంటారు. ఒంట్లో బాగాలేనివాళ్లకు అన్నం పెట్టకూడదు, బ్రెడ్డు పెట్టాలి. ఇదీ ఆమె వైద్యం. పొద్దున పాలల్లో బ్రెడ్డు, మధ్యాహ్నం గోధుమరవ్వ జావ, రాత్రికి చపాతీలు. జబ్బు తగ్గితే బ్రెడ్డు వల్ల తగ్గినట్టు, తగ్గకపోతే బ్రెడ్డు చాలనట్టు.

"అన్నం తిని పండుకుంటే కడుపు ఉబ్బక ఏమైతది? గీ బ్రెడ్డు తిను బిడ్డా, అల్కగుంటది," అని కొడుకు ముందు నుంచి అన్నం కంచం లాగేసేవారు. లిఫ్టులో ఎవరు కలిసినా, "నా కొడుకును బ్రెడ్డు పెట్టే కాపాడుకుంటున్న," అని చెప్పేవారు. కింది అంతస్తు నీలమ్మకైతే వివరంగా చెప్పేవారు.

పోయిన ఎండాకాలం కూతురి కాన్పుకని అత్తమ్మ సంగారెడ్డి వెళ్లారు. వంట నా చేతికొచ్చింది. నాకు బద్ధకం. చపాతీలు ఒత్తడంకన్నా కుక్కర్ పెట్టడం తేలిక కాబట్టి రెండు పూటలా అన్నమే, పొద్దున ఇడ్లీ. కొన్ని వారాలు గడిచేసరికి ఆయన ముఖం తేటపడింది. ఒకరోజు ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా కూనిరాగం తీశారు.

"మా మేనేజర్ లీవ్‌ల ఉన్నడు, అందుకే," అన్నారు.

అత్తమ్మ తిరిగొచ్చారు. "నేను లేక ఎట్ల గుంజుకపోయిండు నా కొడుకు!" అంటూ సంచీలోంచి ముందుగా తీసింది బ్రెడ్డే. కొద్దిరోజుల్లోనే కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు నేనొక శాస్త్రీయమైన నిర్ణయానికి వచ్చాను: జబ్బు పేరు అత్తమ్మ. కాకపోతే ఆ జబ్బుకు రక్తపరీక్ష ఏ ల్యాబులోనూ చేయరు.

ఇలా నాలో నేను నవ్వుకుంటూ ఉండగానే, ఒక సాయంత్రం ఆయన ల్యాప్‌టాప్ మూసేసి అన్నారు.

"శుక్రవారం రిజైన్ చేస్తున్న సంధ్యా."

"ఆ పనంటే మీకు ఇష్టం గద?"

"ఇష్టమే. కానీ అందరు టెన్షన్ అనే అంటున్నరు. నా మనసే ఖరాబైందేమో."

మనిషి చిక్కిపోతుంటే ఎలాగో నెట్టుకొచ్చాను. తన మనసు మీద తనకే నమ్మకం పోతుంటే మాత్రం భయమేసింది.

"శుక్రవారం లోపల నా కోసం ఇంకొక్క డాక్టర్," అన్నాను. "ఆ డాక్టర్ గూడ టెన్షన్ అంటే మీ రిజైన్ మెయిల్ నేనే రాసిస్త. నా డిగ్రీ ఇన్నేండ్లకు ఒక పనికొస్తది."

మదీనాగూడలో డాక్టర్ అఖిల దగ్గరికి వెళ్లాం. వయసులో చిన్నది. "గంత చిన్న పోరికేం తెలుస్తది?" అంటూ అత్తమ్మ కూడా వెంటొచ్చారు. ఆ అమ్మాయి ఉద్యోగం సంగతే ఎత్తలేదు. "మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?" అని అడిగింది.

"మా మేనేజర్ లీవ్‌ల ఉన్నప్పుడు," అన్నారాయన.

"మా అత్తమ్మ సంగారెడ్డికి పోయినప్పుడు," అన్నాను నేను.

అత్తమ్మ నా వంక చూసిన చూపుకు ఇంకొకరైతే గదిలోంచి లేచిపోయేవారు.

డాక్టర్ నవ్వు ఆపుకుంది. "అప్పుడు తిండిలో ఏం మారింది?"

"చపాతీలు, బ్రెడ్డు బంద్. నాకు బద్ధకం మేడం."

ఆ అమ్మాయి రాయడం ఆపి, బాగాలేనప్పుడు ఏం పెడతారని అత్తమ్మను అడిగింది. ఇన్నాళ్లకు అడగాల్సినవాళ్లను అడిగారని అత్తమ్మ పొంగిపోయి అంతా చెప్పారు: బ్రెడ్డు, రవ్వ, చపాతీ, సేమియా, బిస్కెట్లు. వింటుంటే నాకే తట్టింది. అంతా గోధుమే.

రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేయాలంది డాక్టర్. "అప్పటిదాకా గోధుమ ఆపకండి. ఆపితే జబ్బు పరీక్షకు దొరక్కపోవచ్చు."

"విన్నవా? ఆపొద్దంటుంది డాక్టరమ్మ!" అని అత్తమ్మ ఇంటిదాకా గెలుస్తూనే వచ్చారు.

శుక్రవారం వచ్చింది, పోయింది. మెయిల్ వెళ్లలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ జబ్బు పేరు చెప్పింది: సీలియాక్. గోధుమలో ఉండే ఒక పదార్థం ఆయనకు పడదు, తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర దెబ్బతింటోంది. బ్రెడ్డు, రవ్వ, మైదా అన్నీ జీవితాంతం మానాలి. ఇంగువ కూడా చూసి కొనాలి, కొన్నింటిలో గోధుమపిండి కలుపుతారట. కడుపునొప్పికి మజ్జిగలో అత్తమ్మ వేసిచ్చేది ఆ ఇంగువే.

"మీ మనసుకేం కాలేదండి," అని డాక్టర్ అన్నప్పుడు లింగమూర్తి కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"గోధుమ విషమెట్లయితదమ్మా? పహిల్వాన్లు తింటరు," అన్నారు అత్తమ్మ.

"వాళ్లకు పడుతుందమ్మా. మీ అబ్బాయికి పడదు."

ఇంటికొచ్చాక అత్తమ్మ నేను వండిన అన్నానికి వంక కూడా పెట్టలేదు. నాకు కంగారు పుట్టింది.

ఆయన దవాఖానకు వెళ్లొచ్చారని తెలిసి అపార్ట్‌మెంట్ అంతా పరామర్శకు వచ్చింది. రోగిని చూడడానికి వట్టి చేతులతో ఎవరొస్తారు? సాయంత్రానికి మా టీపాయ్ మీద బ్రెడ్డు ప్యాకెట్లు గోడలా లేచాయి. ఆఖరున నీలమ్మ వచ్చింది, అన్నింటికన్నా పెద్ద ప్యాకెట్‌తో.

"నువ్వు చెప్పిందే తెచ్చిన వదినా. మా ముసలాయనకు గూడ కడుపుల బాగుంటలేదు. నీ మాట పట్టుకొని అన్నం బంద్ చేసి బ్రెడ్డే పెడుతున్న."

అత్తమ్మ నా వంక చూశారు, నేనేదైనా అందుకుంటానేమోనని. నేను టీ కప్పులు సర్దుతున్నాను. అంత శ్రద్ధగా ఎన్నడూ సర్దలేదు.

"పోనీలే అమ్మా," అన్నారు లింగమూర్తి.

"నువ్వు జర ఆగు బిడ్డా." అత్తమ్మ ఆ ప్యాకెట్‌ను తీసుకెళ్లి నీలమ్మ ఒళ్లో పెట్టారు. "మీ ఆయనను ముందుగాల మంచి డాక్టర్‌కు చూపియ్యి నీలమ్మా. నా మాట పట్టుకోకు. కొడుకు అన్నం తింటనంటే కంచం గుంజుకున్న. వానికి కడుపు నొస్తే బ్రెడ్డు పెట్టిన, పెడితే మళ్ల నొచ్చింది, మళ్ల గదే పెట్టిన. గల్తీ వాని నౌకరీది కాదు, నాది. నేనే తప్పు చేసిన."